ముందు నడిచేవారి కాళ్ళే తడుస్తాయి

(మన సంఘం యువజన సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ప్రసంగీకురాలిని కాను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సుగా పనిచేస్తున్నాను. ఇంజక్షన్ ఇవ్వమంటే చెయ్యి వణకదు కానీ మైకు పట్టుకుంటే వణుకుతుంది. "దేవుని పిలుపు గురించి మన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమ్మా" అని పెద్దలు అడిగినప్పుడు మొదట ఒప్పుకోలేదు. తర్వాత ఆలోచిస్తే, నాకు తెలిసింది ఒక్కటే విషయమనీ, అది మీకు చెప్పాల్సిన విషయమేననీ అనిపించింది. అందుకే వచ్చాను.

మా ఊరు శబరి నదికి ఇవతల, చింతూరు ఏజెన్సీలో. చిన్నప్పుడు బడికి వెళ్ళాలంటే అడవిలో కాలిబాట మీద నడిచి, ఒక వాగు దాటాలి. చలికాలంలో తెల్లవారుజామున బయల్దేరితే దారికి రెండు పక్కలా గడ్డి నడుము ఎత్తున ఉండేది, నిండా మంచు. మా తాత చేతికర్రతో గడ్డిని పక్కకు తడుతూ ముందు నడిచేవాడు. నేను వెనక నడిచేదాన్ని. బడి దగ్గరకు చేరేసరికి తాత పంచె మోకాళ్ళ దాకా తడిసి ముద్దయ్యేది. నా గౌను మాత్రం పొడిగా ఉండేది. రాత్రికి రాత్రి దారికి అడ్డంగా సాలీళ్ళు గూళ్ళు అల్లేవి కదా, అవన్నీ తాత ముఖానికే తగిలేవి. ఆయన తుడుచుకుంటూ నడిచేవాడు. నేను వెనకాల పాటలు పాడుకుంటూ వెళ్ళేదాన్ని. నేను పొడిగా ఎందుకున్నానో అప్పట్లో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఇవాళ నేను మాట్లాడేది ఆ ముందు నడిచేవారి గురించే.

బైబిల్లో ముందు నడిచిన మనిషి అంటే మనకు గుర్తొచ్చేది బాప్తిస్మమిచ్చు యోహాను. ఆయన ఊళ్ళో ఉండలేదు, అరణ్యంలో ఉన్నాడు. మిడతలు, అడవి తేనె తిన్నాడని మార్కు సువార్త చెబుతుంది. తేనె పట్టు దించడం తెలిసిన మనకు ఆయన బతుకు మరీ కొత్తగా అనిపించదు. ఆయన గురించి చెప్పేటప్పుడు సువార్తలు యెషయా ప్రవక్త మాటల్ని గుర్తుచేస్తాయి. అరణ్యంలో ప్రభువుకు దారి సిద్ధం చేయాలి, పల్లాలు పూడ్చాలి, మెట్టలు దించాలి, వంకర దారులు తిన్నగా చేయాలి అనే భావం అందులో ఉంది. మన వైపు ఘాట్ రోడ్డు వేసినప్పుడు చూశారు కదా, అది ఎంత కష్టమైన పనో! యెషయా ఆ మాటలు చెప్పింది బబులోను చెరలో ఉన్న జనానికి ధైర్యం చెప్పడానికి. ఊరు పోగొట్టుకున్నవాళ్ళు మళ్ళీ ఇంటికి నడిచి రావాలంటే ముందు దారి ఉండాలి.

లూకా 3వ అధ్యాయం చదవండి. యోహాను మాటలు విని జనం కదిలిపోయారు. "అయితే మేమేం చేయాలి?" అని అడిగారు. ఆయన చెప్పిన జవాబు నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. మీరూ నాలాగే అరణ్యంలోకి వచ్చెయ్యండి, ఒంటె వెంట్రుకల బట్ట కట్టండి అనలేదు. రెండు అంగీలున్నవాడిని లేనివాడికి ఒకటి ఇమ్మన్నాడు. అన్నం ఉన్నవాడినీ అలాగే చేయమన్నాడు. పన్నులు వసూలు చేసేవాళ్ళను నిర్ణయించిన దానికన్నా ఎక్కువ తీసుకోవద్దన్నాడు. సైనికులను బెదిరించి డబ్బు లాక్కోవద్దనీ, వచ్చే జీతంతో తృప్తిగా ఉండమనీ చెప్పాడు. ఎవరి పని వాళ్ళకు ఉంచాడు, ఆ పనిలోనే దారి సరిచేయమన్నాడు.

ఈ మాట మన యువతకు చాలా అవసరం. పిలుపు అనగానే మనలో చాలామందికి పాస్టరు గారే గుర్తొస్తారు. తెల్ల చొక్కా వేసుకుని, బైబిలు పట్టుకుని తిరిగేవారికే దేవుని పిలుపు ఉంటుందనుకుంటాం. పాస్టర్ల పిలుపు గొప్పదే, కాదనను. కానీ రేషన్ డిపోలో తూకం వేసేవాడికి, ఫారెస్టు బీటులో డ్యూటీ చేసేవాడికి, అంగన్‌వాడీలో గుడ్లు పంచే అక్కకు, ఆటో నడిపే తమ్ముడికి కూడా యోహాను దగ్గర జవాబు ఉంది. నేను నర్సును. నాకూ ఉంది. కాకపోతే అది వినడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఎందుకు పట్టిందో దాచకుండా చెబుతాను.

మా ఊళ్ళో ఇంటర్ దాటిన మొదటి ఆడపిల్లను నేను. ఆశ్రమ పాఠశాలలో పది పూర్తిచేశాను, తర్వాత ఇంటర్, ఆ పైన పట్నంలో నర్సింగ్. పట్నం హాస్టల్లో మొదటి వారమే నా తెలుగు విని గదిలో నవ్వారు. నేను ఇంటికి ఫోన్ చేసి కోయలో మాట్లాడుతుంటే, "అదేం భాష, పిట్టల భాషా?" అని ఒకమ్మాయి అడిగింది. ఆమె సరదాకే అని ఉండొచ్చు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి ఫోన్ వస్తే మెట్ల కిందకు వెళ్ళి మాట్లాడేదాన్ని. కొన్నాళ్ళకు అమ్మ కోయలో మాట్లాడితే నేను తెలుగులో జవాబు చెప్పడం మొదలుపెట్టాను. ఆదివారం చర్చికి వెళ్ళేదాన్ని, ప్రార్థన చేసేదాన్ని. "ప్రభువా, నన్ను పైకి తీసుకురా" అని అడిగేదాన్ని. నా ప్రార్థనలో నేను తప్ప ఇంకెవరూ లేరు.

2010లో మా చిన్నాన్న కూతురు ఇంటర్ పాసైంది. నాకంటే తెలివైన పిల్ల. తనకూ నర్సింగ్ చదవాలని ఆశ. నాకు ఫోన్ చేసి, "అక్కా, ఏమేం కాగితాలు కావాలి? ఎక్కడికి రావాలి?" అని అడిగింది. నాకు అప్పుడు పరీక్షలు. అన్నీ తీసుకుని రా, ఇక్కడ చూద్దాం అని చెప్పి పెట్టేశాను. అన్నీ అంటే ఏమిటో చెప్పలేదు. తను బస్సెక్కి వచ్చింది. స్టడీ సర్టిఫికెట్లలో రెండేళ్ళవి లేవు. కుల ధృవీకరణ పత్రంలో ఇంటిపేరు ఒక రకంగా, పదో తరగతి మెమోలో ఇంకో రకంగా ఉంది. అవి సరిచేయించుకుని రావడానికి గడువు నాలుగు రోజులు. తను నా హాస్టల్ గేటు దగ్గర కూర్చుంది. నేను బయటికి వచ్చి, వంద రూపాయలు చేతిలో పెట్టి, "ఊరెళ్ళి చేయించుకుని రా" అని పంపించాను. ఆఫీసుకు తోడు వెళ్ళలేదు. పరీక్షలున్న మాట నిజమే. కానీ అసలు కారణం అది కాదు. మాసిన లంగా ఓణీలో, చేతిలో ప్లాస్టిక్ సంచితో, గట్టిగా కోయలో మాట్లాడుతున్న నా చెల్లెలితో కలిసి నడిస్తే తోటివాళ్ళు చూస్తారని నాకు సిగ్గేసింది.

తను మళ్ళీ రాలేదు. గడువు అయిపోయింది. ఆ ఏడు చెల్లెలు ఊళ్ళోవాళ్ళతో కలిసి మిరపకాయలు కోయడానికి కూలికి వెళ్ళింది. ఆ ఎండాకాలమే పెళ్ళి చేశారు. కొన్నేళ్ళ తర్వాత నేను అడిగాను, నా మీద కోపం ఉందా అని. "కోపమేం లేదక్కా. నువ్వు ఒక్కసారి ఆఫీసు దాకా వస్తావనుకున్నాను, అంతే" అంది. తను కోపంతో తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

తాత వెనక నేను పొడి గౌనుతో నడిచాను. నా వెనక నా చెల్లెలు వస్తుంటే నేను దారి వదిలేసి పరిగెత్తాను. చదువుకున్నాను, ఉద్యోగం వచ్చింది. సాక్ష్యాల కూడికలో నిలబడి దేవుడు నన్ను హెచ్చించాడని చెప్పాను, అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో చెల్లెలు బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, తనూ చప్పట్లు కొట్టింది.

ఇక రెండో సంగతి. 2022 జులై మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. గోదావరి ఎగదన్నడంతో శబరి వెనక్కి తిరిగి చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం వైపు ఊళ్ళకు ఊళ్ళు మునిగాయి. జనాన్ని ఎత్తు మీదున్న బడుల్లోకి చేర్చారు. ఒక బడిలో నాకు డ్యూటీ పడింది. కొత్తగా వచ్చిన డాక్టరు గారు చాలా మంచి మనిషి, కోస్తా వైపు ఆయన. రెండు రాత్రులుగా నిద్రపోలేదు. ఒక ముసలమ్మను తీసుకొచ్చారు. విరేచనాలతో నీరసించిపోయి ఉంది. ఆమె "ఏరు... ఏరు..." అని గొణుగుతోంది. డాక్టరు గారు ఆమె చెయ్యి పట్టుకుని, "ఏరు తగ్గుతోంది అవ్వా, భయపడకు" అని ఓదారుస్తున్నారు.

మీకు అర్థమైంది కదా. ఇక్కడ కొంతమంది నవ్వుతున్నారు. కోయలో ఏరు అంటే నీళ్ళు. ఆమె దాహంతో నీళ్ళు అడుగుతోంది.

నేను పక్కనే ఓఆర్ఎస్ ప్యాకెట్లు లెక్కపెట్టుకుంటున్నాను. ఆ మాట నా చెవిన పడి కూడా నా చేతులు కాసేపు అలాగే లెక్కపెట్టాయి. డ్యూటీలో కోయ మాట్లాడకపోవడం నాకు అంత అలవాటైపోయింది. తర్వాత లేచి వెళ్ళి, కోయలోనే పలకరించి, నీళ్ళలో ప్యాకెట్ కలిపి చెంచాతో పట్టించాను. కొంచెం తేరుకున్నాక ఆమె నా ముఖంలోకి చూసి అడిగింది: "నువ్వు మనదానివేనా? మరి ఇంతసేపూ ఎందుకు మాట్లాడలేదు?"

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, నా పిలుపు నాకు వినిపించింది అప్పుడే. ఆకాశం నుంచి స్వరం రాలేదు, కల రాలేదు. ఒక ముసలమ్మ నన్ను కోయలో నిలదీసింది. ఆమె గొంతులో నాకు హాస్టల్ గేటు దగ్గర కూర్చున్న చెల్లెలు వినిపించింది. ఆ రాత్రి బడి వరండాలో టార్చి వెలుగులో లూకా 3వ అధ్యాయం తీశాను. "మేమేం చేయాలి?" అన్న ప్రశ్న ఎన్నోసార్లు చదివాను. అది నేను అడగాల్సిన ప్రశ్న అని ఆ రాత్రే తెలిసింది.

చేసింది పెద్ద పనేమీ కాదు. వరద తగ్గాక ఒక చార్టు మీద నొప్పి, జ్వరం, నీళ్ళు, వాంతి, ఎన్ని రోజులు, ఎక్కడ అనే మాటలకు కోయ మాటలు రాసి డాక్టరు గారి గదిలో అంటించాను. ఆయన నోరు తిరక్క తప్పులు మాట్లాడితే అవ్వలు నవ్వుకుంటున్నారు, కానీ వస్తున్నారు. ఇంతకుముందు నొప్పులు మొదలైనా ఆసుపత్రి వద్దన్నవాళ్ళు, ఇప్పుడు ముందే వచ్చి అడుగుతున్నారు. రెండో పని, ఒక లాంగ్ నోటు పుస్తకం పెట్టాను. మా చుట్టుపక్కల ఊళ్ళలో పది, ఇంటర్ చదివే పిల్లల పేర్లు అందులో ఉన్నాయి. ఒక్కొక్కరికి ఒక పేజీ. ఆధార్, మెమో, కుల ధృవీకరణ పత్రం, వీటన్నిటిలో పేరు ఒకేలా ఉందా? స్టడీ సర్టిఫికెట్లు ఉన్నాయా? బ్యాంకు ఖాతా తెరిచారా? జనవరిలోనే అడుగుతాను, ఎందుకంటే ఏప్రిల్ వచ్చాక అడిగితే సరిచేయించుకోవడానికి సమయం ఉండదు. నా చెల్లెలికి చెప్పని "అన్నీ" అంటే ఏమిటో ఇప్పుడు ఆ పుస్తకంలో ఉంది.

ఇలాంటి పనులు చేసినవాళ్ళు మనకన్నా ముందు చాలామంది ఉన్నారు. మనలాగే కొండల్లో బతికే మిజో ప్రజల చరిత్ర వినండి. 1894 జనవరి 11న లొరైన్, సావిడ్జ్ అనే ఇద్దరు యువకులు పడవలో మిజో కొండల దగ్గర సైరంగ్ చేరారు. మిజో భాషకు అప్పటికి లిపి లేదు. ఆ ఇద్దరూ జనం దగ్గర కూర్చుని ఒక్కో మాటా నేర్చుకుని, ఆ భాషకు అక్షరాలు కూర్చారు. వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. లూకా, యోహాను సువార్తలను, అపొస్తలుల కార్యాలను మిజోలోకి తెచ్చారు. దాదాపు నాలుగేళ్ళు పనిచేశారు. 1897 చివర్లో అక్కడి నుంచి వెళ్ళిపోవాల్సి వచ్చింది. వెళ్ళేనాటికి ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. వాళ్ళ స్థానంలో వేల్స్ దేశం నుంచి డి.ఇ. జోన్స్ వచ్చాడు. 1899 జూన్ 25న ఖుమా, ఖారా అనే ఇద్దరు మిజోలు మొదటిసారి బాప్తిస్మం తీసుకున్నారు. లొరైన్, సావిడ్జ్ ఆ రోజు అక్కడ లేరు.

ఆలోచించండి. నాలుగేళ్ళు గడ్డి తొక్కి దారి వేసింది ఒకరు, ఆ దారిలో పంట చూసింది ఇంకొకరు. మన ఊళ్ళో అయితే వాళ్ళు ఏమీ సాధించలేదని తేల్చేసేవాళ్ళం. కానీ ఆ అక్షరాలు మిగిలాయి. మిజో పిల్లలు ఆ అక్షరాలతోనే చదువుకున్నారు, మిజో సువార్తికులు ఆ పుస్తకాలు పట్టుకునే ఊరూరా నడిచారు. 2011 జనాభా లెక్కల్లో మిజోరం అక్షరాస్యత 91 శాతం దాటింది. అదే లెక్కల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజనుల అక్షరాస్యత సుమారు 49 శాతం. మనం తక్కువవాళ్ళమని ఈ లెక్క చెప్పడం లేదు. మన దగ్గర దారి వేయాల్సిన చోటు ఇంకా చాలా ఉందని చెబుతోంది.

మన దగ్గర ఎవరూ వేయలేదా అంటే, వేశారు. దుమ్ముగూడెంలో గోదావరి మీద పడవలు నడపడానికి ఆనకట్ట, కాలువ పనులు జరుగుతున్న 1860ల కాలంలో, ఆ పనుల మీద వచ్చిన హేగ్ అనే ఇంజినీరు కోయల మధ్య సువార్త పనికి పునాది వేశాడు. తర్వాత జాన్ కెయిన్ అక్కడే ఏళ్ళ తరబడి ఉండి మన భాష నేర్చుకున్నాడు, మన ఆచారాల గురించి రాశాడు. పడవల దారి పథకం మధ్యలోనే ఆగిపోయింది. భాష నేర్చుకుని వేసిన దారి మిగిలింది.

దోర్నకల్ కూడా మనకు దూరమేం కాదు. తిరునెల్వేలి క్రైస్తవులు 1903లో తమ సొంత చందాలతో ఒక మిషనరీ సంఘం పెట్టుకుని, తమ మనుషుల్ని దోర్నకల్ ప్రాంతానికి పంపించారు. ఆ సంఘాన్ని స్థాపించడంలో ముందున్న వి.ఎస్. అజరయ్య గారు తమిళుడు. తానే దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. బిషప్ అయ్యాక కూడా ఆయన దృష్టంతా పల్లెల్లో పనిచేసే ఉపాధ్యాయుల్ని, ఉపదేశకుల్ని తయారుచేయడం మీదే. తాను ఒక్కడే అన్ని ఊళ్ళూ తిరగలేడని ఆయనకు తెలుసు.

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. నా పిలుపు ఏమిటో నాకెలా తెలుస్తుందని మీరు అడగొచ్చు. నా అనుభవంలో నుంచి మూడు ప్రశ్నలు ఇస్తాను. ఇంటికి వెళ్ళాక ప్రార్థనలో పెట్టి ఆలోచించండి.

మొదటిది: నేను ఎక్కడ ఒంటరిగా ఇబ్బందిపడ్డాను? బ్యాంకులో ఫారం నింపలేక నిలబడ్డారా? హాస్టల్లో మొదటి నెల ఏడ్చారా? తాగే నాన్న ఉన్న ఇంట్లో పుస్తకం పట్టుకుని కూర్చున్నారా? ఆ చోటు మీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. సాలెగూడు ఎక్కడ ముఖానికి తగులుతుందో మీకు తెలుసు. మీ తర్వాత వచ్చేవాళ్ళకు అది తగలకుండా చూడగలిగేది మీరే.

రెండోది: నేను ఏది దాచుకుంటున్నాను? నా విషయంలో అది భాష. మీ విషయంలో అది ఊరి పేరు కావచ్చు, ఇంటిపేరు కావచ్చు, ఫెయిలైన సంవత్సరం కావచ్చు. సిగ్గుపడి దాచిన చోటే దేవుడు దారి మొదలుపెట్టడం నేను చూశాను. మోషే కూడా తన నోరు మాంద్యమని చెప్పి తప్పించుకోబోయాడు కదా.

మూడోది: నా వెనక ఎవరు వస్తున్నారు? సమాజం అనకండి, యువత అనకండి. ఒక్క మనిషి పేరు చెప్పండి. పేరు లేని పిలుపు కూడికలో చప్పట్లతోనే అయిపోతుంది.

రెండు జాగ్రత్తలు కూడా చెప్పాలి. దారి వేసినవాడు దారికి అడ్డంగా టోల్‌గేటు పెట్టకూడదు. మనలో చదువుకుని, ఉద్యోగం వచ్చి, పలుకుబడి పెరిగాక, "నన్ను అడగకుండా ఆఫీసుకు ఎలా వెళ్ళావు?" అనేవాళ్ళు కొందరున్నారు. యోహాను అలా చేయలేదు. తన శిష్యులు ఇద్దరు తనను వదిలి యేసు వెంట వెళ్తుంటే ఆపలేదు. వాళ్ళలో ఒకడు అంద్రెయ. ప్రభువు పెరగాలి, తాను తగ్గాలి అని సంతోషంగా ఒప్పుకున్నాడు. నా నోటు పుస్తకంలో ఉన్న పిల్లలు రేపు నాకన్నా పెద్ద ఉద్యోగాల్లోకి వెళ్ళాలి. నా పేరు మర్చిపోయినా నేను నొచ్చుకోకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు, నాకు తెలుసు.

రెండో జాగ్రత్త. మన సంఘంలో చర్చికి వెళ్ళేవాళ్ళున్నారు, భూమి పండుగ, కొత్తల పండుగ చేసుకునేవాళ్ళున్నారు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఉన్నారు. నా విశ్వాసం నేను దాచను, అడిగితే సంతోషంగా చెబుతాను. కానీ నోటు పుస్తకంలో పేరు రాయడానికి ఎవరి విశ్వాసమూ అడగను. రెండు అంగీలున్నవాడిని ఒకటి ఇమ్మన్న యోహాను, తీసుకునేవాడు ఏ గుడికి వెళ్తాడో అడగమనలేదు. సాయం చూపించి మనసు కొనాలనుకుంటే అది దారి కాదు, ఉచ్చు. ఉచ్చు అంటే ఏమిటో అడవిలో బతికిన మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకో మాట చెప్పి ముగిస్తాను. చెరసాలలో పడ్డాక యోహానుకు కూడా సందేహం వచ్చింది. రావలసినవాడివి నువ్వేనా, ఇంకొకరి కోసం చూడాలా అని యేసును అడగమని శిష్యుల్ని పంపాడు. జీవితమంతా దారి వేసినవాడికే అలాంటి రోజు వచ్చింది. యేసు ఆయన్ను కోప్పడలేదు. గుడ్డివాళ్ళు చూస్తున్నారు, కుంటివాళ్ళు నడుస్తున్నారు, పేదలకు సువార్త అందుతోంది, మీరు చూసింది వెళ్ళి చెప్పండి అన్నాడు. కాబట్టి మీకూ విసుగు వస్తుంది. మీరు ఫారం నింపి ఇచ్చిన పిల్లవాడు మధ్యలో చదువు మానేస్తాడు. మంచి చేయబోతే నీకేం లాభమని అడుగుతారు. నా పుస్తకంలో కూడా కొన్ని పేజీలు సగంలో ఆగిపోయాయి. ఆ పేజీలు నేను చింపెయ్యలేదు.

నా చెల్లెలి కూతురు ఇప్పుడు తొమ్మిదో తరగతి. నన్ను పెద్దమ్మా అని పిలుస్తుంది. ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంటికి వచ్చి, నా బీపీ మిషను తీసుకుని వాళ్ళమ్మ చేతికి కట్టి చూస్తుంటుంది. తనకు ఒక పేజీ ఇప్పుడే తెరిచాను. పైన వాళ్ళమ్మ ఇంటిపేరు, తన ఇంటిపేరు స్పష్టంగా రాసి పెట్టాను. మొన్న చెల్లెలు ఆ పేజీ చూసింది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అప్పుడు ఆఫీసు దాకా నువ్వూ వస్తావు కదక్కా" అంది.

వస్తానన్నాను. అందరి ముందూ ఇక్కడ మళ్ళీ చెబుతున్నాను, వెళ్తాను.

మీరు ఇవాళ ఇంటికి వెళ్ళాక ఒక కాగితం తీసుకుని, మీ వెనక వస్తున్న ఒక్కరి పేరు రాయండి. వచ్చే ఏడు ఇదే సమ్మేళనానికి ఆ మనిషిని వెంటబెట్టుకుని రండి.

దేవుడు మిమ్మల్ని దీవించును గాక.